చేతుల మీద కూర్చున్న పిల్ల

మల్కాపురం, విశాఖపట్నం
ఆదివారం

అప్పా,

ముందుగా నీకూ అమ్మకీ నాన్నకీ నా దండాలు. ఇక్కడ ముగ్గురం వేళకింత తింటున్నాం, తిరుగుతున్నాం. మా గురించి బెంగ పెట్టుకోవద్దు. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నాన్న దగ్గు మందు తాగుతున్నాడా, చావిట్లో పారబోసి తాగేశానని చెబుతున్నాడా? ఆయన మాట నమ్మకు, దగ్గరుండి పట్టించు. ఊడ్పులయిపోయాయని రాశావు, సంతోషం. ఈసారైనా తుఫాను గింజ మీద పడకుండా ఉంటే చాలు.

చేతిలో ఫోను పెట్టుకుని ఈ కాలంలో అక్కకి ఉత్తరాలేమిటని మీ మరిది నన్ను చూసి నవ్వుతాడు. నవ్వనీ. నీకు ఫోను వినబడదు. వీడియోలో నా పెదాలు చూసి మాట పట్టుకుందామంటే మన ఊరి సిగ్నలుకి బొమ్మ కదలదు. పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని చెప్పించుకుంటే నా కడుపులో మాట సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. మెసేజీ పెట్టొచ్చు కదా అంటాడు. నా కోపం ఆ పెట్టెలో పట్టదు.

ఇక్కడ ఎండాకాలం పోయినా ఉక్క పోలేదు. పోర్టు వైపు నుంచి బొగ్గు దుమ్ము వస్తుంది. ఆరేసిన బట్ట మళ్లీ ఉతుక్కోవాలి. మీ మరిది అక్కడే లోడింగు కాంట్రాక్టులో ఉన్నాడు, ఇంటికొచ్చేసరికి కళ్లు తప్ప మనిషి కనబడడు. నేను పొద్దున్నే బస్సెక్కి ద్వారకా నగర్‌లో కర్రీ పాయింటుకి పోతున్నాను. కోచింగు పిల్లల కోసం బస్తాల కొద్దీ వంకాయలు కోస్తాను. కూరల్లో చింతపండుకి బదులు పంచదార పోస్తారు, తింటే వాంతొస్తుంది. అయినా పిల్లలు లైన్లో నిలబడి కొనుక్కుపోతారు, పాపం ఇళ్లకి దూరంగా ఉన్నవాళ్లు కదా.

సరే, అసలు సంగతికొస్తాను. మా హారిక స్టేజీ మీద 'అమ్మ' అన్న వీడియో చూసి నాన్న వీధంతా బూందీ పంచాడనీ, అమ్మ మొక్కు కూడా తీర్చేసిందనీ రాశావు. ఆ మాట నీ చెవికి చేరకపోయినా, దాని పెదాలు కలిసి విడిపోవడం చూసి నువ్వూ ఏడ్చావని రాశావు. ఏడేళ్లకి పిల్ల నోరు విప్పింది, ఇక దాని బతుకు నా బతుకులా కాదులే అని రాశావు చూడు, అక్కడ నేను కాగితం మడిచేశాను. అప్పా, అది మాట కాదు. ఇది నువ్వొక్కదానివే చదువు, అమ్మకి చదివి వినిపించకు.

మన ఊళ్లో ఉన్నన్నాళ్లూ హారికకి మాట రాదని ఎవరైనా అన్నారా? దాని నోరు మూసి ఉండేదేమో గాని చేతులు ఊరుకునేవా? నువ్వు నేర్పినవే కదా అన్నీ. ముక్కుపోగు పట్టుకుంటే నువ్వు. గెడ్డం కింద పుట్టుమచ్చ తాకితే నేను. మీసం మెలేస్తే వాళ్ల నాన్న, చుట్ట పీల్చినట్టు చేస్తే తాత. అంగన్‌వాడీలో పిల్లలందరికీ అవి వచ్చేశాయి. గుడ్డు చిన్నదిచ్చిందని ఇది ఆయాతో చేతులతో తగువుకి పోతే, ఆయా కూడా చేతులతోనే తిట్టేది. దానికి ఎవరూ పేరు పెట్టలేదు, గొప్ప చెప్పుకోలేదు. పట్నంలో పెద్ద బళ్లున్నాయి, పిల్ల బాగుపడుతుందని మేం దాన్ని చంకనేసుకుని ఇక్కడికొచ్చాం.

ఇక్కడ బడి గేటు మీద బోర్డుంది. 'పిల్లలందరికీ ఒకే బడి' అని రంగుల్లో రాసి, చక్రాల కుర్చీలో నవ్వుతున్న పాప బొమ్మ వేశారు. ఆ పాప నిజంగా వస్తే లోపలికి తోసుకెళ్లడానికి దారి లేదు, అన్నీ మెట్లే, అది వేరే సంగతి. హారికని మామూలు పిల్లలతో రెండో తరగతిలోనే కూర్చోబెట్టారు. దాని పక్కన మాటలు నేర్పే మేడం ఒకామె కూర్చుంటుంది. చక్కటి చీర, మెత్తటి గొంతు, ఎప్పుడూ అరవదు. తేనె పూసిన కత్తి అని పెద్దలు ఇలాంటివాళ్లని చూసే అని ఉంటారు.

మొదటి రోజే ఆమె హారిక రెండు అరచేతులూ దాని తొడల కింద పెట్టించి, వాటి మీద కూర్చోబెట్టింది. నేను బిత్తరపోయి చూస్తుంటే నా వైపు తిరిగి చెప్పింది.

"చేతులు ఆడుతుంటే నోరు బద్ధకిస్తుందమ్మా. కొన్నాళ్లు చేతుల్ని మరిపించేస్తే మాట దానంతటదే వస్తుంది. ఇంట్లో కూడా ఎవ్వరూ సైగ చెయ్యకూడదు."

చెవి మిషను పెట్టినా లారీ హారను తప్ప దీనికి ఏమీ తెలియదని పెద్దాసుపత్రి డాక్టరు ఎప్పుడో చెప్పేశాడు, మరి వినబడని మాట ఎలా నేర్చుకుంటుందండీ అని అడిగాను. మేడం నవ్వి, ఏం చదువుకున్నారని అడిగింది. పదో తరగతి అన్నాను. అయితే అర్థం చేసుకోవాలి కదా అంది. అర్థం చేసుకున్నట్టే తలాడించి వచ్చేశాను.

వచ్చే దసరాకి నువ్వొస్తానంటే గది ఇరుకని మీ మరిది మెసేజీ పెట్టాడు కదా. గది ఇరుకే, కానీ నిన్ను వద్దన్నది అందుకు కాదు. ఇంట్లో సైగలు ఎవరు నేర్పారని మేడం అడిగితే ఈయన నీ పేరు చెప్పాడు. ఆ చెవిటి పెద్దమ్మ వచ్చి కూర్చుందంటే నా శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే అని ఆమె అంది. చిన్నప్పుడు నీకు జ్వరమొచ్చి చెవులు పోతే, వినబడని పిల్లకి బడెందుకని నిన్ను ఐదో తరగతిలోనే మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టేశారు. ఇప్పుడు బడిలో ఉన్న పిల్లకి నిన్ను అంటురోగం చేశారు. ఆమె అంటే అంది, మీ మరిది అవునవునని తలాడించాడు చూడు, అందుకు నా ఒళ్లు మండుతోంది.

ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. బొటనవేలు నోటి దగ్గర పెడితే నీళ్లివ్వకూడదు. నోటితో అడిగేదాకా గ్లాసు పట్టుకుని నిలబడాలి. కన్నతల్లిని, గ్లాసు చేత్తో పట్టుకుని నిలబడ్డానప్పా. అది బొటనవేలు చూపించింది. నాకు కనబడలేదేమోనని దగ్గరికొచ్చి నా మొహం ముందు చూపించింది. నా చెయ్యి పట్టుకుని లాగింది. తర్వాత మూల కూర్చుని ఏడుస్తూ నిద్రపోయింది. మీ మరిది ఉన్నప్పుడైతే దాని చేయి లేవగానే వేళ్ల మీద ఒక్కటి వేసేవాడు. గట్టిగా కాదులే అనేవాడు.

తర్వాత బడి పండగ వచ్చింది. ఫ్లెక్సీలు కట్టి, ఎవరో పెద్దమనిషిని పిలిచి శాలువా కప్పారు. మా బడిలో మూగపిల్ల మాట్లాడుతోందని ప్రిన్సిపాలు మైకులో చెప్పాడు. హారికని చేతులు వెనక్కి పెట్టించి నిలబెట్టారు. మేడం దాని గెడ్డం కింద వేలు పెట్టి పైకెత్తింది. అప్పుడది 'అమ్మ' అంది. హాలంతా చప్పట్లు. మీ మరిది వీడియో తీస్తూ వెక్కివెక్కి ఏడ్చాడు. తల్లి ఎవరు, పైకి రండి అని ఆ పెద్దమనిషి పిలిస్తే పైకి పోయి దాన్ని కౌగిలించుకున్నాను. వీడియోలో అది నా భుజం మీద తల పెట్టింది కదా, దాని కళ్లు ఎటున్నాయో మీకెవరికీ కనబడలేదు. నా భుజం మీంచి మేడం హ్యాండ్‌బ్యాగు వైపు చూస్తోంది. ఆ బ్యాగులో క్రీం బిస్కెట్లుంటాయి.

ఇంటికొచ్చాక తెలిసింది. కుళాయి దగ్గర దాహమేస్తే చేతుల మీద కూర్చుని 'అమ్మ' అంది. వీధి కుక్క మీదికొస్తే 'అమ్మ' అంది. ఇంటామె కోడిపెట్టని చూసి 'అమ్మ' అంది. కడుపులో నొప్పితో మెలికలు తిరుగుతూ కూడా అదే అంది. ఎక్కడ నొప్పో చూపించడానికి చెయ్యి తియ్యలేదు. పెదాలు మూసి తెరిస్తే మనుషులు తనని వదిలేస్తారని తెలుసుకుంది, అంతే. అది తప్ప ఆ కూతకి దాని దగ్గర అర్థం లేదు. పుట్టుమచ్చ తాకి నన్ను పిలిచేది కదా, అది మాత్రం పోయింది. ఇప్పుడు నా కూతురి దగ్గర నాకు పేరు లేదు.

మొన్న గురువారం కర్రీ పాయింటు ఓనరు ఇంట్లో పెళ్లని మాకు సెలవిచ్చారు. హారిక టిఫిను బాక్సు మర్చిపోయిందని నేను బడికి పట్టుకెళ్లాను. తరగతి కిటికీ తెరిచే ఉంది. నీకు తెలుసు కదా, ఒంటికి పోవాలంటే బడిపిల్లలు చిటికెన వేలు చూపిస్తారు. నోరున్న పిల్లలే, మన నాన్న కాలం నుంచీ అంతే. నేను చూస్తుండగానే ఒక బుడ్డోడు చిటికెన వేలు లేపాడు. టీచరు పుస్తకం లోంచి తలెత్తకుండానే పొమ్మని తలాడించింది. వాడు వెళ్లొచ్చాక ఒక పిల్ల లేపింది, అదీ వెళ్లింది. అప్పుడు హారిక తొడ కింద నుంచి చెయ్యి లాక్కుని, చిటికెన వేలు లేపింది.

మేడం ఆ వేలు మెల్లగా మడిచి, చెయ్యి మళ్లీ తొడ కిందకి తోసేసింది. నోటితో చెప్పమన్నట్టు తన పెదాలు చూపించింది. హారిక 'అమ్మ' అంది. మేడం వెరీ గుడ్ అని నోట్లో బిస్కెట్ ముక్క పెట్టింది. పిల్ల కాళ్లు ముడుచుకుంది. మళ్లీ వేలు లేపింది, మేడం మళ్లీ మడిచింది. మళ్లీ 'అమ్మ', మళ్లీ బిస్కెట్. నేను గుమ్మం దాకా పరుగెత్తేలోపే బెంచీ మీంచి కారిపోయింది. మేడం అన్నిటికంటే ముందు కింద పెట్టిన తన బ్యాగు పైకి తీసుకుంది. పిల్లలందరూ ముక్కులు మూసుకుని నవ్వుతున్నారు. నా కూతురు ఆ తడిలోనే కూర్చుని, బుగ్గలో బిస్కెట్ పెట్టుకుని, అందరినీ ఒక్కొక్కళ్లనీ చూస్తూ 'అమ్మ', 'అమ్మ' అంటోంది.

నాకు ఒంటి మీద తెలివి లేదు. పట్నం మాటలన్నీ మర్చిపోయి మన మాటే వచ్చేసింది.

"ఆ బుడ్డోడు ఏలు సూపిత్తే బైటికి ఒగ్గేరు. నా పిల్ల ఏలు సూపిత్తే ఎందుకు ఒగ్గనేదు?"

మేడం గొంతు అప్పుడు కూడా పెరగలేదు. "వాళ్లకి మాటలొచ్చు కదమ్మా, వాళ్లు సైగ చేసినా పర్వాలేదు. మాట రాని పిల్లకే సైగ అలవాటు చెయ్యకూడదు" అంది. ఒక్కసారి ఆలోచించు అప్పా. కాళ్లున్నవాడికి కర్ర ఇస్తారట, కుంటివాడికి మాత్రం ఇవ్వరట. ఇది చెప్పడానికి ఆమె ట్రైనింగు తీసుకుందట.

ప్రిన్సిపాలు గదిలోకి పోయాను. సర్కారు బళ్లకి తిరిగి ఇలాంటి పిల్లలకి చెప్పే టీచరమ్మ ఒకామె మా వీధిలోనే ఉంటుంది. చేతి భాషా భాషేననీ, అందులో చదువు చెప్పించుకోవడం పిల్లకి హక్కేననీ, అలా చట్టమే ఉందనీ ఆమె ఎప్పటి నుంచో నాకు చెబుతోంది. అదే ఆయనకి చెప్పాను. హక్కులు కావాలంటే తీసుకెళ్లి కోర్టులో చేర్పించమ్మా, బళ్లో ఎందుకు అన్నాడు. పక్కన గుమస్తా నవ్వాడు. మిగతా తల్లిదండ్రులు ఇప్పటికే గొణుగుతున్నారనీ, అయినా దయతలచి ఉంచుకున్నామనీ అన్నాడు. నేను లేచాక మాత్రం కాస్త మర్యాదగా మాట్లాడాడు. వచ్చే నెల ఇంకెవరో పెద్దవాళ్లు బడి చూడ్డానికి వస్తున్నారట, అంతవరకు పిల్లని మాన్పించవద్దన్నాడు.

దారంతా హారిక తడి గౌనుతో నా పక్కన నడిచింది. చేతులు వెనక్కి పెట్టుకుని నడిచింది. ఎవరూ పెట్టుకోమనలేదు.

సాయంత్రం మీ మరిదికి అంతా చెప్పాను. ఈయన మొహం కూడా కడుక్కోకుండా విన్నాడు. రాయి కూడా కరుగుతుందనుకున్నాను. అంతా విని, నువ్వే చెడగొడుతున్నావన్నాడు. ఏడేళ్లు తన ఇంట్లో పిలుపు లేదట, పోర్టులో అందరూ పిల్లల సంగతులు చెప్పుకుంటుంటే తాను లేచి అవతలికి పోయేవాడట. ఇప్పుడు ఆ వీడియో అందరికీ చూపించాడు, అందరూ చెయ్యి కలిపారు. అది పిలుపు కాదయ్యా, కుక్కని చూసినా అదే అంటోంది, దానికి అర్థం తెలియదు అన్నాను.

"తెలకపోతే తెలకపోనీ. పదిమందికి ఇనబడతాది గదా. నాకది సాలు" అన్నాడు.

కోపంగా అనలేదప్పా. అలసిపోయి, అన్నం కలుపుకుంటూ అన్నాడు. ఇదే మాట కొట్టి చెప్పినా నాకు ఇంత నొప్పి తెలిసేది కాదు.

ఈ పొద్దున ఆయన డ్యూటీకి పోయాక తలుపు వేశాను. హారికని ఎదురుగా కూర్చోబెట్టుకుని, పోతే పోనీ మేడం, పోతే పోనీ అందరూ అనుకుని, ఎన్నాళ్లకో చేతులెత్తాను. పుట్టుమచ్చ తాకాను. ముక్కుపోగు పట్టుకున్నట్టు చేసి, పెద్దమ్మ దగ్గరికి పోదామా అని అడిగాను. నవ్వుతుందనుకున్నాను. దాని మొహం పాలిపోయింది. తలుపు వైపు చూసింది, కిటికీ వైపు చూసింది. గబగబా నా చేతులు రెండూ పట్టుకుని కిందకి లాగింది. ఒక చెయ్యి నా ఈ తొడ కింద, ఇంకో చెయ్యి ఆ తొడ కింద దోపి, నన్ను వాటి మీద కూర్చోబెట్టింది. తర్వాత నా గెడ్డం కింద చిన్న వేలు పెట్టి పైకెత్తి, నా పెదాల వైపు చూస్తూ కూర్చుంది.

నాకు తెలియడానికి కాస్త సేపు పట్టింది. నా మీద దానికి కోపం కాదు. వేళ్ల మీద దెబ్బ నాకు కూడా పడుతుందని భయం. ఎలా తప్పించుకోవాలో నాకు నేర్పుతోంది. తను ఒకసారి 'అమ్మ' అని చూపించి, మళ్లీ నా పెదాల వైపు చూసింది.

"అమ్మ" అన్నాను.

అది చప్పట్లు కొట్టింది. వెళ్లి పుస్తకాల సంచిలో దాచుకున్న బిస్కెట్ ముక్క తెచ్చి నా నోట్లో పెట్టింది. నేను ఏడుస్తూ నమిలి మింగాను. నేను మింగేదాకా చూసి, అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

అప్పా, రేపటి నుంచి దాన్ని ఆ బడికి పంపను. మీ మరిది ఏం చేసుకుంటాడో చేసుకోనీ, ఇంట్లోంచి పొమ్మంటే పిల్లతో నీ దగ్గరికే వస్తాను. భీమిలి వైపు చేతులతో చదువు చెప్పే బడి ఉందని టీచరమ్మ అంటోంది, కనుక్కుని తానే తీసుకెళ్తానంది. కానీ అక్కడికి పోయేలోపు దీనికి చేతులు మళ్లీ రావాలి. అది నా వల్ల కాదు. గ్లాసు పట్టుకుని నిలబడిన చేతులు నావి, వాటిని అదెందుకు నమ్ముతుంది? నువ్వు రా. పాలకొండలో బస్సెక్కితే ఇక్కడ ఆర్టీసీ కాంప్లెక్సులో దిగుతావు, నేను వచ్చి తీసుకొస్తాను. గది ఇరుకని చూడకు, నా పక్కన పడుకుందువు గాని. వచ్చేటప్పుడు అమ్మ పెట్టిన మాగాయ కాస్త పట్టుకురా, ఇక్కడి కూరలకి నా నాలుక చచ్చిపోయింది. అమ్మకి మాత్రం పిల్లని చూడాలనిపించి వెళ్తున్నానని చెప్పు. బూందీ తిన్నవాళ్లకి ఇప్పుడే ఏమీ చెప్పకు.

అమ్మానాన్నల కాళ్లకి నా తరఫున నువ్వు మొక్కు. వీధిలో పెద్దలందరికీ పేరుపేరునా దండాలు చెప్పు, పిల్లల్ని ముద్దాడానని చెప్పు. నువ్వు వేళకి తిను. నన్నూ నా పిల్లనీ దీవించు, మాకిప్పుడు అది కావాలి.

ఇంకొక్క మాట. నిన్ను చూడగానే పరుగెత్తుకొస్తుందని ఆశ పెట్టుకుని రాకు. నీ చేతులు కూడా పట్టుకుని నీ తొడల కింద దోపుతుంది, గెడ్డం కింద వేలు పెడుతుంది. అప్పుడు 'అమ్మ' అను. నీకూ వినబడదు, దానికీ వినబడదు, అయినా అను. బిస్కెట్ పెడితే తిను. తిన్నాక చేతులు బయటికి తియ్యి.

నీ చెల్లి,
రమణ